జిమ్‌కి ఏడాది ఫీజు ఒకేసారి కట్టేస్తే మానకుండా వెళ్తామా?

బెజవాడ బ్యాంకు బాబు:
వయసు 41. మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా మేనత్త నా పొట్ట చూసి "ఏరా, ఎన్నో నెల?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మా వీధి చివర జిమ్ వాళ్లు నెలకి 1,500, ఏడాదికి ఒకేసారి కడితే 10,000 అంటున్నారు. కట్టేస్తే ఆ డబ్బు బాధకైనా రోజూ వెళ్తానని నా లెక్క. మా ఆవిడేమో "ట్రెడ్‌మిల్ మీద బట్టలు ఆరేస్తున్నది చాలదా?" అంటోంది. అవునండీ, 2021లో కొన్నాను. మీరేమంటారు?

మిర్చి యార్డు:
కట్టేయండి సార్. పార్కులో నడక ఫ్రీ కాబట్టే నాలుగు చినుకులు పడితే మానేస్తాం. నేను మూడేళ్ల కిందట 12,000 కట్టాను. ఒక్కరోజు మానితే 33 రూపాయలు పోయినట్టు. పొద్దున అలారం మోగగానే ఆ 33 గుర్తొచ్చేది, దుప్పటి తీసేసేవాణ్ణి.

లెక్కల మాస్టారు:
ఆ 33 ఎన్ని నెలలు గుర్తొచ్చిందో కూడా చెప్పండి అన్నా!

దీని మీద పాత లెక్కే ఉంది. డెల్లావిన్యా, మల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలోని మూడు హెల్త్ క్లబ్బుల హాజరు చూసి 2006లో పేపరు వేశారు. నెలకి 70 డాలర్లకు పైగా కట్టే మెంబర్లు సగటున నెలకి 4.3 సార్లే వెళ్లారు. అంటే ఒక్కోసారికి 17 డాలర్ల పైనే పడింది. అక్కడే పదిసార్ల పాస్ తీసుకుంటే ఒక్కోసారికి 10 డాలర్లే! జనం డబ్బు కట్టింది ఒంటికి కాదు, "రేపటి నుంచి నేను మారిపోతాను" అన్న నమ్మకానికి. గౌర్‌విల్, సోమన్ అని ఇంకో ఇద్దరున్నారు. ఆరు నెలలకోసారి ఫీజు కట్టేవాళ్లు కట్టిన నెలలో ఎక్కువగా వచ్చి, తర్వాత తగ్గుతూ పోయారని చూపించారు. డబ్బు పోయిన బాధ కూడా పాతబడుతుందండీ.

మిర్చి యార్డు:
ఐదో నెలలో మానేశాను. అది మోకాలి నొప్పి వల్ల. డబ్బుకీ దానికీ సంబంధం లేదు.

డంబెల్ తమ్ముడు:
పదేళ్లుగా ట్రైనర్‌ని. చెప్పకూడదు గానీ చెప్తా. ఏడాది ఫీజు కట్టినవాళ్లంతా ఒకేరోజు వస్తే మా హాల్లో నిలబడ్డానికి చోటుండదు. రారని తెలుసు కాబట్టే అంత డిస్కౌంటు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, మా జనవరి బ్యాచ్ కూడా దాంతోపాటే పోతుంది.

ఎక్కువగా పోయేది బద్ధకస్తులు కాదు, అత్యుత్సాహం వాళ్లు. మొదటి రోజే పంతానికి వంద బస్కీలు తీసి, మూడో రోజు గోడ పట్టుకుని మెట్లు దిగుతారు. మళ్లీ కనబడరు. నిలబడేది జతగా వచ్చేవాళ్లు. ఒకడు మానేద్దామనుకున్న రోజు రెండోవాడు లాక్కొస్తాడు.

కూకట్‌పల్లి అమ్మ:
మగవాళ్లంతా పట్టుదల గురించే మాట్లాడుతున్నారు. పొద్దున 5:30కి కుక్కర్ పెట్టాలి, మూడు బాక్సులు సర్దాలి. నాకు లేనిది పట్టుదల కాదు తమ్ముడూ, టైము.

నేను చేసేదల్లా ఒకటే. పిల్లల్ని స్కూల్ బస్సు ఎక్కించడానికి చెప్పులతో కాకుండా బూట్లు వేసుకునే దిగుతాను. బస్సు మలుపు తిరగ్గానే అట్నుంచి అటే అరగంట కాలనీ చుట్టూ నడక. ఇంట్లోకి అడుగుపెట్టానో, సింకులో గిన్నెలు పిలుస్తాయి, ఇంక అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకి చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. నాకు ఐదు రోజుల్లో 150 అవుతుంది, పైసా ఖర్చు లేదు. కాకపోతే వేసవి సెలవుల్లో బస్సు రాదు, నడకా ఉండదు. పోయిన మే నెలంతా సున్నా.

లెక్కల మాస్టారు:
అక్కా, మీకు ఆ బస్సే అలారం. అలవాటు పట్టేది అలాగే, ఒక పని వెనకాల ఇంకో పని. 21 రోజుల్లో అలవాటైపోతుందనే మాట పట్టుకుని 22వ రోజున నిరాశపడకండి. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం చూస్తే సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా. మధ్యలో ఒక్కరోజు తప్పితే పెద్ద తేడా ఏం రాలేదట. ఒక నెల తప్పితే మాత్రం నేనేం చెప్పలేను!

వైజాగ్ పెద్దాయన:
మేం ఆరుగురం, అందరం రిటైరైనవాళ్లమే. ఆర్కే బీచ్‌లో నడక. రానివాడికి ఫోన్ చేయం, వాడి గేటు ముందు స్కూటర్ హారన్ కొడతాం. ఇరుగుపొరుగు తిట్లకి భయపడైనా వస్తాడు. నడకయ్యాక ఇడ్లీ, టీ. కరిగినదానికంటే ఎక్కినదే ఎక్కువని మా అమ్మాయి గొడవ. నిజమే, కానీ ఆ ఇడ్లీ ఆపేస్తే ఇద్దరు రేపే మానేస్తారు.

డంబెల్ తమ్ముడు:
బాబాయ్ గారూ, ఇడ్లీ ఉంచండి. వారానికి రెండు రోజులు కండరాలకి కూడా పని చెప్పమని అక్క చెప్పిన ఆ ప్రపంచ ఆరోగ్య సంస్థే అంది. గోడకి చేతులానించి పుషప్‌లు తీసినా మొదలుపెట్టినట్టే.

బెజవాడ బ్యాంకు బాబు:
10,000 కట్టలేదు. ఒక నెలకే 1,500 కట్టాను, ఎదురింటాయనతో కలిసి. పొద్దున ఆరింటికి మా గేటు దగ్గర నిలబడతానన్నారు. నిన్న నేను లేవకపోతే పైకొచ్చి మా ఆవిడ చేతి కాఫీ తాగుతూ కూర్చున్నారు, నేను బయల్దేరేదాకా. ఇవాళ ఐదో రోజు. ట్రెడ్‌మిల్ అమ్మేస్తున్నాను, ఎవరికైనా కావాలా?

మిర్చి యార్డు:
ఎంతకిస్తారు? మా బాల్కనీకి ఎండ బాగానే వస్తుంది.