ఎలైట్ డేంజరస్: సరుకు తోలేవాళ్లకు మ్యాప్ ఎట్ల ఉండాల?

అలిపిరి పైలట్, తిరుపతి:
అన్నలకూ అక్కలకూ ఒక ప్రశ్న. ఓడలో నక్షత్రాల మధ్య తిరిగి సరుకు అమ్ముకునే ఈ అంతరిక్ష ఆటలో గెలాక్సీ మ్యాప్ అంటే నాకు ప్రాణం. పాలపుంతలోని 40,000 కోట్ల నక్షత్ర వ్యవస్థలను ఒక్క తెర మీదికి తెచ్చినారు. అయితే సరుకు తోలేవాడికి ముందు తెలియాల్సింది, ఆ ధర ఎప్పటిది? మా మామ మదనపల్లెకు టమోటా పంపేముందు ఈపొద్దు వేలంలో ఎంత పలికిందో అడుగుతాడు, నిన్నటి మాట పట్టించుకోడు. ధర పాతబడేకొద్దీ మ్యాప్‌లో సరుకు దారి చూపించే గీత రంగు వెలసిపోతా వస్తే ఎట్ల ఉంటాది?

చిత్తూరు కమాండర్:
మంచి ఆలోచన తమ్ముడూ. కానీ నక్షత్రం నుంచి స్టేషన్ ఎంత దూరమో కూడా లెక్కలోకి రావాల. ఆల్ఫా సెంటారీలో హటన్ ఆర్బిటల్ అనే స్టేషన్ చూడు. ఆ నక్షత్రం దగ్గరికి జంప్ అయినాక ఇంకా 0.22 కాంతి సంవత్సరాలు సూపర్‌క్రూజ్‌లో, అంటే వ్యవస్థ లోపల పోయే వేగంలో పోవాల, మామూలు ఇంజనుతో గంట దాటుతాది. అందుకే లాభం టన్నుకు కాదు, గంటకు ఎంతో చూపించాల.

రేణిగుంట అక్క:
ఓడ దిగే ప్యాడ్ సైజు మరవద్దండి. టైప్-9 లాంటి పెద్ద సరుకు ఓడకి పెద్ద ప్యాడే కావాల, అవుట్‌పోస్టులనే చిన్న స్టేషన్లలో అది ఉండదు. ఇంకోటి, ధరలు చూపించే ఇనారా లాంటి సైట్లకు ఆ ధరలు ఆటగాళ్ల కంప్యూటర్ల నుంచి ఈడీడీఎన్ అనే సమాచారం పంచుకునే నెట్‌వర్క్ ద్వారా పోతాయి. ఎవరూ దిగని స్టేషన్ ధర అట్లే నిలిచిపోతాది.

అలిపిరి పైలట్:
గంటకు లాభం అన్న మాట నాకు బాగా నచ్చింది అన్నా. అక్కా, అట్లయితే పాత ధర ఉన్న స్టేషన్లను మ్యాపే వేరుగా చూపిస్తే, ఆ పక్క పోయేవాళ్లం దిగి తాజా ధర అందరికీ అందిస్తాం.