చిన్న బోర్డు మీద జిట్: ఉంచాలా, తీసేయాలా?

#1
మా ఏఆర్‌ఎం బోర్డులో లైనక్స్ మీద నడిచే స్క్రిప్ట్ ఇంజిన్‌కి జిట్ (స్క్రిప్ట్ నడుస్తుండగానే దాన్ని మెషిన్ కోడ్‌గా మార్చి మెమరీలో రాసే కంపైలర్) ఆన్ చేశాం. వేగం పెరిగింది కానీ రెండు రోజులకోసారి క్రాష్ అవుతోంది. జీడీబీ అనే డీబగ్గర్‌లో బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ నుంచి ఏ ఫంక్షన్‌కి వచ్చిందో చూపే జాబితా) అడిగితే వట్టి ప్రశ్నార్థకాలే. క్రాష్ అయిన అడ్రస్ దగ్గర బైట్లని డిసాసెంబుల్ చేస్తే, అంటే ఇన్‌స్ట్రక్షన్లుగా మార్చి చూస్తే, ఇన్‌స్ట్రక్షన్లన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఇదే నాకు పెద్ద టెన్షన్. జిట్ తీసేసి, కోడ్ ముందే కంపైల్ చేసి పెట్టుకోవడమే మేలంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

#2
నేను కాదంటాను. ఏఆర్‌ఎంలో ఇన్‌స్ట్రక్షన్ క్యాష్, డేటా క్యాష్ (సీపీయూ మెమరీ కాపీలు దగ్గర పెట్టుకునే చోట్లు) వేరు. జిట్ రాసిన కొత్త బైట్లు డేటా క్యాష్‌లోనే ఆగిపోతే సీపీయూ పాత బైట్లనే నడిపేస్తుంది, డీబగ్గర్ మాత్రం డేటా వైపు నుంచి చదివి మీకు కొత్తవి చూపిస్తుంది. మామూలు పీసీల్లో ఉండే ఎక్స్86 ప్రాసెసర్లలో ఈ సంగతి హార్డ్‌వేరే చూసుకుంటుంది కాబట్టి డెస్క్‌టాప్ మీద ఎంత టెస్ట్ చేసినా ఇది బయటపడదు, క్యాష్‌ని అనుకరించని క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌లోనూ అంతే. క్యాష్ సమస్యే అయితే చిన్న మార్పుకే కనబడకుండా పోవచ్చు, మధ్యలో ఒక ప్రింట్ పెడితే క్రాష్ మాయమవుతోందా?

#1
అవుతోంది! ఇప్పుడే చూశాను, కోడ్ బ్లాక్ మొదటిసారి రాసినప్పుడు క్యాష్ ఫ్లష్ చేస్తున్నాం (కొత్త బైట్లు సీపీయూకి కనబడేలా), తర్వాత బ్లాక్‌లోని జంప్ ఇన్‌స్ట్రక్షన్‌ని మార్చి రాసే (ప్యాచ్ చేసే) చోట చేయట్లేదు. కానీ ఇది నా వాదనకే బలం కదా, ముందే కంపైల్ చేసుకుని ఉంటే ఈ తప్పు పుట్టేదే కాదు.

#3
మైక్రోకంట్రోలర్ల వరకు నేను #1 వైపే. ఏఆర్‌ఎం చిన్న కోర్లయిన కార్టెక్స్-ఎం3, ఎం4లో హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింట్లు (ఫలానా చోట ప్రోగ్రాం ఆగేలా పెట్టే గుర్తులు) ఉండేవే 6, అవీ కోడ్ రీజియన్‌కే, అంటే కింది అడ్రస్‌లకే పనిచేస్తాయి. దానికి పై అడ్రస్‌లలో ఉన్న ర్యామ్‌లో జిట్ రాసిన కోడ్‌కి, కోడ్‌లోనే ఇన్‌స్ట్రక్షన్ మార్చి పెట్టే సాఫ్ట్‌వేర్ బ్రేక్‌పాయింటే గతి, జిట్ ఆ చోటే మళ్లీ రాస్తే అదీ చెరిగిపోతుంది. పైగా ఫ్లాష్‌లో ఉన్న కోడ్ అయితే ఫీల్డ్ నుంచి అడ్రస్ ఒక్కటొచ్చినా మ్యాప్ ఫైల్‌తో (ఏ ఫంక్షన్ ఏ అడ్రస్‌లో ఉందో చెప్పే జాబితాతో) పోల్చుకోవచ్చు, జిట్ కోడ్ రీసెట్‌తో పోతుంది.

#2
ఆ సమాచారం పోకుండా, ఏ కోడ్ ఎక్కడ పెట్టిందో జిట్టే రాసిపెట్టాలి, నేను పట్టుబట్టేది అదే. 2009లో వచ్చిన జీడీబీ 7.0 నుంచి జిట్ కోడ్‌ని డీబగ్గర్‌కి తెలియజేసే ఇంటర్‌ఫేస్ ఉంది. దానికి మెమరీ చాలకపోతే, రీసెట్‌లో చెరగని ర్యామ్ కాస్త పక్కన పెట్టి, ప్రతి బ్లాక్ మొదలు, సైజు, స్క్రిప్ట్ లైన్ నంబర్ రింగ్ బఫర్‌లో (నిండితే పాతవాటి మీదే కొత్తవి రాసే జాబితాలో) వేసుకోండి, ఎంట్రీకి పన్నెండు బైట్లు చాలు. క్రాష్ అయితే ప్రోగ్రాం కౌంటర్ (అప్పుడు నడుస్తున్న ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్) చుట్టూ ఉన్న బైట్లు కూడా రిపోర్ట్‌లో పంపించండి. జిట్ ఆఫ్ చేసే స్విచ్ తప్పనిసరి, ఆఫ్‌లోనూ క్రాష్ అయితే వెతకాల్సింది వేరే చోట.

#1
ప్యాచ్ దగ్గర ఫ్లష్ పెట్టాను, బోర్డు నాలుగు రోజులుగా ఆగలేదు. జిట్ తీయను, కానీ ఆ రింగ్ బఫర్ లేకుండా రిలీజ్‌కి మాత్రం ఒప్పుకోను.