మాస్కు పార్టీ గుర్తుగా ఎలా మారిపోయింది?

దూరపుకొండ (ప్రశ్న):
కోవిడ్ రోజుల్లో అమెరికాలో జరిగిన మాస్కు గొడవల గురించి ఈ మధ్య వరసగా చదువుతున్నాను. ముక్కూ నోరూ కప్పుకునే చిన్న గుడ్డముక్క. అది ఉందా లేదా అని చూసి మనిషిది ఏ పార్టీయో చెప్పేసే పరిస్థితి ఎలా వచ్చింది? అంతా ట్రంప్ వల్లే అంటారు కొందరు, అధికారులు మాట మార్చడం వల్ల అంటారు ఇంకొందరు. ఈ విషయం మీదే మా అన్నయ్యకూ నాకూ మాటా మాటా పెరిగి చాలా రోజులు మాట్లాడుకోలేదు, అది ఇప్పటికీ మనసులో ఉండిపోయింది. అందుకే వాదించడానికి కాదు, అర్థం చేసుకోవడానికే అడుగుతున్నాను.

వార్డు_నర్సు:
మొదటి తప్పు మా ఆరోగ్యరంగం వైపు నుంచే జరిగింది, ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంది. 2020 ఫిబ్రవరి 29న అమెరికా సర్జన్ జనరల్ (జనానికి ఆరోగ్య సలహాలిచ్చే ప్రభుత్వ ముఖ్య వైద్యాధికారి) జెరోమ్ ఆడమ్స్ ట్విట్టర్‌లో మాస్కులు కొనడం ఆపమన్నారు. మామూలు జనానికి వాటివల్ల ఉపయోగం లేదన్నారు, అదే నోటితో వైద్యసిబ్బందికి అవి దొరక్కపోతే ప్రమాదమన్నారు. వినేవాడికి డౌటు రాదా? అప్పుడు మేము ఒకే మాస్కును రోజుల తరబడి వాడుకుంటున్నాం. కొరతగా ఉంది, దయచేసి మాకు వదిలిపెట్టండి అని ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే చాలామంది వినేవాళ్లని నా నమ్మకం.

ఏప్రిల్ 3న సీడీసీ, అంటే అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ, గుడ్డ మాస్కులు పెట్టుకోమంది. లక్షణాలు లేనివాళ్ల నుంచి కూడా వ్యాధి అంటుతోందని అప్పటికి తేలింది, సలహా మారడానికి అసలు కారణం అదే. ఆ కారణాన్ని పదేపదే వివరించాల్సిన రోజునే, ఆ సలహా ప్రకటించిన సమావేశంలోనే, నేను మాత్రం పెట్టుకోను అన్నారు అప్పటి అధ్యక్షుడు ట్రంప్. ఆయన మాస్కుతో జనం ముందు కనిపించింది జులై 11న, వాల్టర్ రీడ్ ఆసుపత్రిలో. మూడు నెలలకు పైగా పట్టింది, ఆలోపే జనం రెండుగా చీలిపోయారు.

పాత_కాగితాలు:
ఇది 2020లో పుట్టిన గొడవ కాదండి. 1918 అక్టోబర్‌లో ఇన్‌ఫ్లుయెంజా సమయంలో శాన్‌ఫ్రాన్సిస్కో మాస్కు తప్పనిసరి చేసింది, పెట్టుకోనివాళ్లకు జరిమానా, కొందరికి జైలు. నగర మేయర్ కూడా మాస్కు లేకుండా దొరికి జరిమానా కట్టాడు. నవంబర్‌లో తీసేసి, కేసులు పెరిగాక 1919 జనవరిలో మళ్లీ పెట్టేసరికి ఏకంగా 'యాంటీ మాస్క్ లీగ్' పుట్టింది. మొదటిసారి ఓర్చుకున్నవాళ్లే రెండోసారి తిరగబడ్డారు. పెట్టడం, తీసేయడం, మళ్లీ పెట్టడం, ఈ వరసే జనాన్ని విసిగిస్తుంది. 2021 మే 13న టీకా పూర్తయినవాళ్లకు మాస్కు అక్కర్లేదన్న సీడీసీ, జులై 27న కేసులు ఎక్కువున్న చోట్ల వాళ్లూ లోపల పెట్టుకోవాలంది. డెల్టా రకం వచ్చింది, కారణం నిజమైనదే. కానీ అప్పటికి వినే ఓపిక ఎవరికీ లేదు.

గీతకు_అవతల:
నేను రోజూ మాస్కు పెట్టుకున్నాను, కానీ చట్టం చేసి పెట్టించడాన్ని వ్యతిరేకించాను. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని ఎవరూ ఒప్పుకోలేదు. సీడీసీ రెండేళ్లు దాటిన పిల్లలకు మాస్కు పెట్టమంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదేళ్లలోపు వాళ్లను బలవంతం చేయొద్దంది. దీని గురించి అడిగితే నన్ను మనుషుల ప్రాణాలంటే లెక్కలేనిదానిలా చూశారు, ఆ బాధ ఇంకా పోలేదు.

అయితే మాస్కు ఆదేశాలు వద్దన్న వైపు కూడా స్వేచ్ఛ పేరు చెప్పి చేసింది బలవంతమే. టెక్సాస్ గవర్నర్ అబ్బాట్ 2020 జులైలో తానే మాస్కు ఆదేశం ఇచ్చి, 2021 మేలో స్థానిక ప్రభుత్వాలు అలాంటి ఆదేశం ఇవ్వకుండా నిషేధించాడు. ఏ ఊరికి ఏది అవసరమో ఆ ఊరు నిర్ణయించుకోకూడదంటే అది స్వేచ్ఛ ఎలా అవుతుంది?

వార్డు_నర్సు:
మీ బాధ అర్థమైందండి. ఒక్క విషయం చూడండి. బంగ్లాదేశ్‌లో 600 గ్రామాల్లో, 3.4 లక్షలమంది పెద్దల మీద పరిశోధన జరిగింది. సగం గ్రామాల్లో మాస్కులు ఉచితంగా పంచి, తీరు చూపించి, వీధుల్లో గుర్తుచేశారు. సరిగ్గా వాడేవాళ్లు 13 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. సర్జికల్ మాస్కులు ఇచ్చిన గ్రామాల్లో లక్షణాలతో తేలిన కోవిడ్ సుమారు 11 శాతం తగ్గింది, అరవై దాటినవాళ్లలో 35 శాతం. గుడ్డ మాస్కులకు అంత స్పష్టత రాలేదు. ఇంత మంచి సమాచారాన్ని కూడా ఒకరు 'పనిచేసింది', ఒకరు '11 శాతమేనా' అని పంచుకున్నారు. వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ 2023లో ఇచ్చిన సమీక్షకూ అదే గతి. మాస్కులు పనిచేయవని తేలిందంటూ ప్రచారం జరిగితే, అది తప్పు అర్థమని ఆ సంస్థ ప్రధాన సంపాదకురాలే ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది.

ఆసుపత్రి లోపల మాత్రం తప్పనిసరి ఉండాల్సిందే అంటాను. కీమో తీసుకుంటున్న రోగి పక్క మంచం మీద దగ్గేవాణ్ణి ఎంచుకోలేడు కదా.

గీతకు_అవతల:
ఆసుపత్రి విషయంలో నాకూ అభ్యంతరం లేదు. బడుల దగ్గరే మనకు కుదరదు.

దూరపుకొండ:
అందరికీ థాంక్స్. మాస్కు పనిచేస్తుందని నేను వాదించాను, చట్టం వద్దని అన్నయ్య వాదించాడు, ఇద్దరం ఒకే ప్రశ్న మీద ఉన్నామనుకున్నాం. తను ఎప్పుడైనా మాస్కే వద్దన్నాడా అని ఇప్పుడు గుర్తుచేసుకుంటుంటే ఒక్క మాటా గుర్తు రావడం లేదు. రాత్రికి ఫోన్ చేస్తాను.