భూ అయస్కాంత అలజడిని కొలిచే కేపీ సూచీ పెరిగిన మర్నాడు 14 మెగాహెర్ట్జ్ ఎందుకు మూగబోతోంది?

విశాఖపట్నం సాగర్‌నగర్‌లో మేడపై కట్టిన డైపోల్ యాంటెన్నాతో 14 మెగాహెర్ట్జ్ హామ్ (ఔత్సాహిక రేడియో) బ్యాండ్ వింటాను. సౌరజ్వాల ఎగసినప్పుడు ఎక్స్ కిరణాలు సుమారు 8 నిమిషాల్లో భూమిని చేరి పగటివైపు సంకేతాలను మింగేయడం, ఆపైన అవి మెల్లగా తేరుకోవడం తెలిసినదే. నన్ను వేధిస్తున్నది వేరు: కరోనల్ మాస్ ఎజెక్షన్ (సూర్యుడు వెదజల్లిన ప్లాస్మా మేఘం) భూమిని తాకి కేపీ సూచీ 7కు చేరిన మర్నాడు, పెద్ద జ్వాలలేవీ నమోదు కాకున్నా, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 వరకు దూరకేంద్రాలేవీ అందడం లేదు, రిసీవర్‌లో సన్నని సొద ఒక్కటే మిగులుతోంది. ఉప్పుగాలికి పచ్చబడిన కనెక్టర్లు మార్చాను, కేబుల్ పరీక్షించాను, యాంటెన్నా, కేబుల్‌ల పొందికను చూపే ఎస్‌డబ్ల్యూఆర్ 1.3 దగ్గరే, అంటే బాగానే ఉంది, ఇంటి కరెంటు ఆపేసి బ్యాటరీపై నడిపినా తేడా లేదు. భూమధ్యరేఖకు ఇంత దగ్గరలో ఐనోస్ఫియర్ (రేడియో తరంగాలను తిరిగి నేలకు మళ్లించే పైవాతావరణ పొర) పగటిపూట అంతగా పలచబడుతుందా అన్నది నాకు తేలడం లేదు. ఆ పొరను నేల నుంచి రేడియో తరంగాలతో పరీక్షించే ఐనోసోండ్ పరికరం కొలతల్లో ఏ విలువను, ఏ వేళల్లో పోల్చి చూస్తే ఇది అయస్కాంత తుపాను ప్రభావమేనని నిర్ధారించుకోవచ్చు?