కంటికి కన్ను: మైమోనిదీస్ రెండు మాటలకు పొంతన ఎలా?

నిర్గమకాండం 21:24లోని 'కంటికి కన్ను' అంటే కన్ను పీకడం కాదు, డబ్బు రూపంలో పరిహారం కట్టడం అని యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథమైన తాల్మూద్ (బావా కమ్మా 83బి–84ఎ) తేల్చింది, అక్కడిదాకా నాకు అర్థమైంది. హంతకుడి ప్రాణానికి విమోచన ధనం తీసుకోవద్దని సంఖ్యాకాండం 35:31 అంటోంది కాబట్టి, అవయవాలకైతే తీసుకోవచ్చన్నమాట అనే వాదన నాకు చాలా నచ్చింది కూడా.

చిక్కంతా 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిదీస్ దగ్గరే. తన ధర్మశాస్త్ర సంకలనం మిష్నే తోరాలో పరిహారమే అని గట్టిగా రాసిన మనిషి, తన తాత్విక గ్రంథం 'గైడ్ ఫర్ ద పెర్‌ప్లెక్స్‌డ్' మూడో భాగం 41వ అధ్యాయంలో మాత్రం అవయవం తీసినవాడి అవయవం తీయాలంటాడు, తాను కారణం చెబుతున్నది లేఖనంలోని మాటకే గానీ తాల్మూద్ చెప్పినదానికి కాదని, దాని గురించి తనకున్న అభిప్రాయం ముఖాముఖిగానే చెబుతానని ఆపేస్తాడు! మధ్యయుగ యూదు పండితులు రాషీ, ఇబ్న్ ఎజ్రాల బైబిల్ వ్యాఖ్యానాలు తిరగేశాను, ఇద్దరూ పరిహారం వైపే, పైగా 'గైడ్' కంటే ముందువాళ్లు, కాబట్టి నా చిక్కు తీరలేదు.

మైమోనిదీస్ చెప్పిన ఈ రెండింటినీ తర్వాతి యూదు పండితులు ఎలా కలిపి చదివారు?