సీరంలో పెడితే యూరిక్ యాసిడ్ పీక్ పడిపోతోంది, ఏం చేయాలి?

నమస్కారమండీ. తిరుపతిలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ చేస్తున్నాను. గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్ మీద గ్రాఫీన్, గోల్డ్ నానోపార్టికల్స్ పూత వేసి యూరిక్ యాసిడ్ సెన్సర్ చేశాను. పీహెచ్ 7 ఫాస్ఫేట్ బఫర్‌లో బ్రహ్మాండంగా ఉంది. పూత లేని ఎలక్ట్రోడ్ మీద విటమిన్ సి పీక్ (వోల్టేజీ మారుస్తూ స్కాన్ చేస్తే కరెంట్ ఎగసే చోటు), యూరిక్ యాసిడ్ పీక్ కలిసిపోతాయి కదా, ఇందులో రెండూ చక్కగా విడిపోయాయి.

చిక్కంతా సీరంతోనే (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం). బఫర్‌తో పలచన చేసి పెడితే మొదటి స్కాన్ బాగుంటుంది. ఆ తర్వాత స్కాన్ స్కాన్‌కీ పీక్ కుంగిపోతూ పాజిటివ్ వైపు జరుగుతోంది. కడిగి మళ్లీ బఫర్‌లో పెట్టినా పాత కరెంట్ రావట్లేదు. పూత ఊడలేదు, నల్లగా అలాగే ఉంది. ప్రొటీన్లు అంటుకుంటున్నాయేమోనని నా అనుమానం.

నాఫియాన్ (నెగటివ్ చార్జ్ ఉండే ఒక పాలిమర్) పూయమని మా సీనియర్ అన్న అంటున్నాడు. కానీ యూరిక్ యాసిడ్ పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ వదిలేసి నెగటివ్ అయ్యే పీహెచ్) 5.4 దగ్గర, అంటే పీహెచ్ 7లో అదీ నెగటివే, నాఫియానూ నెగటివే. విటమిన్ సితో పాటు మనకు కావలసినదాన్నీ గెంటేయదా? కైటోసాన్ (రొయ్యల పెంకుల నుంచి తీసే పాలిమర్) నయమా? యాసిడ్‌తో ప్రొటీన్లు ముందే తీసేద్దామంటే, వాటితో పాటు కొంత యూరిక్ యాసిడ్ కూడా పోతుందని టెన్షన్.

సీరంలో చేసినవాళ్లుంటే ఏ పూత వాడారో, ఎంత పలచన చేశారో కాస్త చెప్పండి.