మెడికల్ లీవ్ నుంచి రాగానే పిప్ (పనితీరు మెరుగుపరుచుకోవాలని ఇచ్చే ప్లాన్), శుక్రవారంలోగా సంతకం అంటున్నారు. ఏం చేయాలి?

డిస్క్_డల్లాస్:
డల్లాస్‌లో ఉంటాను, హెచ్-1బీ వర్క్ వీసా మీద ఫుల్‌టైమ్. వేసవిలో నడుము దగ్గర వెన్నెముక డిస్క్ (ఎల్4-ఎల్5) సర్జరీ అయింది, ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ (అనారోగ్యానికి, కుటుంబ అవసరాలకు సెలవిచ్చే అమెరికా చట్టం) లీవ్ పెట్టుకుంటే హెచ్‌ఆర్ అప్రూవ్ చేసింది, అక్కడిదాకా ఏ గొడవా లేదు. తిరిగి చేరాక గంటల తరబడి కూర్చోలేక, డాక్టర్ లెటర్ జత చేసి, నిలబడి పనిచేసుకునే డెస్కు, వారానికి రెండ్రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగాను. దాని ఊసే ఎవరూ ఎత్తలేదు. మేనేజర్ మాత్రం కొద్దిరోజులకే పిలిచి "రెస్పాన్స్ తగ్గింది" అంటూ పిప్ చేతిలో పెట్టాడు. అందులో నేను మిస్ చేశానని చూపించిన డెలివరబుల్స్‌లో ఒకటి నేను ఆస్పత్రి బెడ్ మీద ఉన్న వారానిది! పోయిన రివ్యూలో మంచి రేటింగ్ ఇచ్చింది కూడా ఈయనే. పిప్ వద్దనుకుంటే సెవరెన్స్ (ఉద్యోగం వదిలినందుకు ఇచ్చే డబ్బు) తీసుకుని వెళ్లిపోవచ్చట, ఆ కాగితం మీద శుక్రవారంలోగా సంతకం కావాలట. ఇది రిటాలియేషన్ (హక్కు వాడుకున్నందుకు కక్ష సాధింపు) కిందికి వస్తుందా, లేక టెక్సాస్ ఎట్-విల్ కాబట్టి నోరు మూసుకోవాలా? ఇంట్లో అయితే "కేసులూ గీసులూ మనకెందుకు" అంటున్నారు.

ప్లేనో_పెద్దాయన:
తమ్ముడూ, లాయర్‌కి చూపించకుండా సంతకం పెట్టకు. ఎట్-విల్ అంటే ఏ కారణం చెప్పకుండా తీసేయొచ్చు, అంతేగానీ చట్టం వద్దన్న కారణంతో తీసేయడానికి లేదు. ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ కింద తీసుకున్న లీవ్‌ని నీ పనితీరుకి మైనస్‌గా లెక్కెయ్యకూడదు, ఆ ఆస్పత్రి వారం ఎంట్రీ నీకు చాలా విలువైన కాగితం. డెస్కు అడగటం ఏడీఏ (వైకల్యం ఉన్నవాళ్ల మీద వివక్ష చూపకూడదనే చట్టం) కిందికొస్తుంది, అడిగినందుకు కక్ష కట్టడం కూడా నేరుగా దాని కిందే. మనవాళ్లు చాలామంది చిన్న కన్సల్టెన్సీల పేరోల్ మీద ఉంటారు, అక్కడ 75 మైళ్ల లోపు 50 మంది ఉద్యోగులు లేక ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ వర్తించకపోవచ్చు. ఏడీఏకి మాత్రం 15 మంది ఉంటే చాలు.

గడువులు గుర్తుపెట్టుకో. ఏడీఏకి ముందు ఈఈఓసీలో (ఉద్యోగాల్లో వివక్షని చూసే ఫెడరల్ సంస్థ) చార్జ్, అంటే ఫిర్యాదు, వేయాలి, టెక్సాస్‌లో 300 రోజులు, కానీ రాష్ట్ర చట్టం కింద 180 రోజులే కాబట్టి 180 అనే అనుకో. ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏకి ఈఈఓసీతో పని లేదు, లేబర్ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లొచ్చు, నేరుగా కోర్టుకీ వెళ్లొచ్చు, మామూలుగా రెండేళ్లు.

హెచ్‌ఆర్_వైపు_మనిషి:
నేను టేబుల్‌కి అటువైపు కూర్చునేదాన్ని, కొంచెం చేదుగా చెప్తాను. లీవ్ అయ్యాక వచ్చిన ప్రతి పిప్ కక్ష కాదండి. లీవ్‌కి ముందే మీ పని మీద మేనేజర్ కంప్లైంట్ మెయిల్స్ ఉంటే కంపెనీ అవే బయటికి తీస్తుంది. తేదీలు దగ్గరగా ఉండటం కేసు మొదలెట్టడానికి పనికొస్తుంది, గెలవడానికి అదొక్కటే చాలదు. మీ పాత రేటింగ్, డెస్కు అడిగిన మెయిల్ తేదీ, పిప్ తేదీ, ఇవి వరసగా రాసి పెట్టుకోండి. ఫోన్‌లో ఏదైనా చెప్తే "మీరు ఇలా అన్నారు కదా" అని అదే రోజు మెయిల్ కొట్టండి. కంపెనీ ఫైళ్లు మాత్రం గంపగుత్తగా పర్సనల్ మెయిల్‌కి పంపకండి, తీసేయడానికి మీరే కారణం ఇచ్చినవాళ్లవుతారు. పిప్ మీద సంతకం తప్పదంటే "అందింది, అంగీకరించడం లేదు" అని పక్కన రాయండి.

ఇంకోటి, మీ వయసెంత? 40 గానీ ఆపైన గానీ ఉంటే, వయసు వివక్ష హక్కులు కూడా వదులుకోమనే సెవరెన్స్ కాగితం మీద ఆలోచించుకోవడానికి కనీసం 21 రోజులు, సంతకం పెట్టాక వెనక్కి తీసుకోవడానికి 7 రోజులు ఇవ్వాలి.

వీసా_టెన్షన్:
బ్రో, అందరూ మర్చిపోయేది వీసా. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండటానికి 60 రోజుల గ్రేస్, ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ముందే అయిపోతే అంతవరకే. సెవరెన్స్ డబ్బులు చేతికొచ్చినంత మాత్రాన ఆ గడువు పెరగదు. అందుకే మాట్లాడేటప్పుడు నాలుగు డాలర్లు ఎక్కువ అడగడం కన్నా పేరోల్ మీద ఆఖరి తేదీని ఇంకొన్నాళ్లు పొడిగించమని అడుగు. ఇండియా వెళ్లిపోయినా కేసు నడుస్తుంది, అది వేరే సంగతి.

డిస్క్_డల్లాస్:
42 నిండాయండి, కాగితంలో వయసు వివక్ష క్లాజ్ కూడా ఉంది. 21 రోజులు కావాలని హెచ్‌ఆర్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టాను, డెస్కు సంగతీ మళ్లీ అందులోనే రాశాను. ఎంప్లాయ్‌మెంట్ లాయర్లు ముందే ఫీజు తీసుకుంటారా?

ప్లేనో_పెద్దాయన:
కొందరు గెలిస్తేనే వాటా అంటారు, కాగితం చదివి పెట్టడానికి కొందరు గంటల లెక్కన తీసుకుంటారు. ఉద్యోగుల తరఫునే వాదించేవాళ్లని చూసుకో, వెళ్లేటప్పుడు పిప్ కాపీ, డాక్టర్ లెటర్ పట్టుకెళ్లు.